గోంగూర కేక – సర్వహక్కులూ మండలివే

చినకోట రత్నాలవీధిలో ఆడవాళ్ళు పొద్దున పూట గడియారం చూడరు. కోరాడ సన్యాసమ్మ కేక వినబడిందంటే ఏడున్నర. ఆ తర్వాత కూడా పిల్లల్ని లేపకపోతే బడి బస్సు వెళ్ళిపోయినట్టే. ముప్పయ్యేళ్ళుగా ఆ వీధికి అదే లెక్క.

"తోటకూరోయ్... చుక్కకూరోయ్... గోఓఓఓ...ంగూరా!"

మొదటి రెండు కూరల్నీ ఆవిడ పెద్దగా పట్టించుకోదు. తట్టలో ఉన్నాయి కాబట్టి పిలుస్తుంది, అంతే. మూడోదాని దగ్గరే ఆవిడ ప్రతాపమంతా. 'గో' అన్న అక్షరాన్ని పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా లాగి, అక్కడ ఒక్క క్షణం నిలబెట్టి, మిగతాది దభీమని కింద పడేస్తుంది. ఎందుకే అంత లాగుతావు అని ఎవరైనా అడిగితే, "తట్ట బరువమ్మా. లాగితే కూసింత తేలికవుతాది" అనేది.

తట్టలో ఉండేది ఏటిగట్టు తోటల్లో తెల్లారకముందే కోసిన కూర. పైన తడిగోనె కప్పి తెస్తుంది. పది దాటితే తోటకూర తల వేలాడేస్తుంది, పదకొండుకి గేదె కూడా మొహం తిప్పేసుకుంటుంది. అంచేత ఆవిడ వ్యాపారమంతా రెండున్నర గంటల్లో అయిపోవాలి. వాడిన కట్ట ఒక్కటి కూడా ఎవరికీ అంటగట్టలేదని ఆవిడకి మహా గర్వం. కేక వినబడితే చాలు, కట్ట విప్పి చూడకుండా కొనేస్తారు రత్నాలవీధిలో. ఆ నమ్మకం తప్ప ఆవిడ కూడబెట్టుకున్నది ఇంకేమీ లేదు.

అలాంటి గొంతు ఓ వానాకాలం పట్టేసి పది రోజులు పెగల్లేదు. మిరియాల కషాయాలు తాగి తాగి ఎలాగో తేరుకుంది. అప్పుడు అల్లుడు తవుడు వచ్చాడు. బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది.

"అత్తా, మళ్ళీ గొంతు పోతే ఏటి సేస్తావు? ఒక్కసారి ఈ ఫోన్లో అరిసెయ్. తర్వాత నువ్వు నోరెత్తక్కర్లేదు" అన్నాడు.

అరిచింది. పదకొండు సెకన్లు. దాన్ని అతను మెమరీ కార్డులోకి ఎక్కించి, కార్డుని అరచెయ్యంత మైకు పెట్టెలో దూర్చి, పెట్టెని గోంగూర కట్టల మధ్య పెట్టాడు. మర్నాడు సన్యాసమ్మ మూతి బిగించుకుని నడుస్తూంటే నెత్తిమీద తట్ట దానంతటదే అరుచుకుంటూ పోయింది. పిల్లలు వెంటపడ్డారు. నాలుగు రోజులకే ఆవిడకి విసుగొచ్చి పెట్టె తీసి అల్లుడి మొహాన కొట్టింది. "మనిసి కనిపించినా అరుస్తాది, గోడ కనిపించినా అరుస్తాది. ఇదేటి యాపారం?" అంది.

పెట్టె కొట్టులో ఉండిపోయింది. కార్డు మాత్రం ఉండలేదు. ఆకుకూరల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "తవుడూ, మీ అత్త కేక మాకూ ఎక్కించవా?" అని అడిగారు. మొహమాటస్తుడు కాబట్టి తవుడు కాదనలేదు, ఓ టీ తాగించుకుని ఎక్కించేవాడు. వాళ్ళ దగ్గర్నుంచి ఇంకొకళ్ళు, వాళ్ళ ఫోన్లనుంచి మరొకళ్ళు లాక్కున్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి పలాస నుంచి తుని దాకా ఆకుకూర బండి కదిలిందంటే అందులోంచి సన్యాసమ్మే అరుస్తోంది.

ఈ సంగతి సన్యాసమ్మకి పలాసలోనే తెలిసింది. మేనకోడలి ఇంట్లో శుభకార్యానికి వెళ్ళి, పొద్దున్నే అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటూంటే వీధి మలుపులోంచి తన గొంతే తనను పిలిచింది. చూస్తే ఓ మూడు చక్రాల బండి, దాన్ని తొక్కుతూ ఎవరో కుర్రవాడు. ఆవిడ వెళ్ళి ఓ గోంగూర కట్ట తీసి విప్పింది. మూడు రోజుల కూర. పైన నీళ్ళు చల్లి బతికున్నట్టు నమ్మిస్తున్నాడు.

"ఏటయ్యా ఇది? లోపలంతా నల్లబడిపోనాది!"

"మంచి సరుకమ్మా. కేక ఇనలేదేటి? సన్యాసమ్మ కూర."

"సన్యాసమ్మెవులు?"

"ఎవులో ముసల్ది. సచ్చిపోనాదట పాపం. గొంతు మాత్రం బాగుంటాది."

శుభకార్యం భోజనానికి కూడా ఆగకుండా సన్యాసమ్మ బస్సెక్కేసింది. చినకోటలో దిగుతూనే తవుడి కొట్టు ముందున్న చీపురు అందుకుని దులిపేసింది. తనని చంపేశారన్నందుకు ఆవిడకి అంత కోపం రాలేదు. తన గొంతుతో కుళ్ళుకూర అమ్ముతున్నారన్నదే ఆవిడ మంటంతా.

"అది వైరలత్తా! ఎంతమందికి దొరుకుతాది?" అన్నాడు తవుడు. అత్త చేతిలో చీపురు చూసి, "సరే, సరే. పశువులాసుపత్రి మేడమీద కొత్తాఫీసు ఎట్టేరు. కళాకారుల కోసమేనట. పద" అన్నాడు.

ఆ ఆఫీసు కథ కొంచెం చెప్పుకోవాలి. కళాకారుల కష్టాన్ని జనం ఫోన్లలోకి పుణ్యానికి దింపేసుకుంటున్నారని ఆ ఏడు రాజధానిలో పెద్ద సభ జరిగింది. పాటలు కట్టేవాళ్ళు, పాడేవాళ్ళు వేదికెక్కి గోడు చెప్పుకున్నారు. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. వినేవాళ్ళు లక్షలూ, పెట్టేవాళ్ళు సున్నా అయితే ఎవడు మాత్రం ఎలా బతుకుతాడు? ప్రభుత్వం కదిలిపోయింది. కదిలిపోయి, కళాకారుల కోసం ఏం చెయ్యాలో తోచక ఓ మండలి స్థాపించింది. రాష్ట్ర ధ్వని సృజన హక్కుల సంరక్షణ మండలి. జిల్లాకో శాఖ, శాఖకో ప్రత్యేకాధికారి, పదకొండుమంది సిబ్బంది, ఒక జీపు, గొంతుని గొంతుతో పోల్చి నూటికి ఇన్ని మార్కులని చెప్పే ఒక విదేశీ యంత్రం. ఎనిమిది నెలలైంది. ఒక్క కళాకారుడూ మెట్లెక్కలేదు. మార్చిలోగా ఒక్కరినైనా రక్షించకపోతే శాఖ ఎత్తేస్తామని పైనుంచి తాఖీదు వచ్చింది.

అందుకని సన్యాసమ్మ గుమ్మంలో కనిపించగానే ప్రత్యేకాధికారి వరప్రసాదు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన మంచివాడే. కళలంటే ప్రాణం. నిబంధనలంటే అంతకంటే ప్రాణం.

"రండి, దయచేయండి. సృష్టికర్తలు నిలబడకూడదు. కూర్మినాయుడూ, కుర్చీ!"

సర్కారీ ఆఫీసులో తనకి కుర్చీ వెయ్యడం సన్యాసమ్మకి అదే మొదలు. కుర్చీ అంచున కూర్చుని, "బాబూ, నాకేటీ ఒద్దు. నా గొంతెట్టుకుని కుళ్ళుకూర అమ్మొద్దని ఆలకో మాట సెప్పండి. సాలు" అంది.

"చెప్పడం మా పరిధిలోకి రాదు తల్లీ. సంరక్షించడమే మా పరిధి" అని ఆయన ఏడో నంబరు ఫారం తీశారు. "సదరు కృతిలో సాహిత్యం ఎవరిది?"

"ఏటి బాబూ?"

"మాటలు. తోటకూర, చుక్కకూర. ఇవి మీ సొంత కల్పనా?"

"అయ్యో, కాదు బాబూ. మాయమ్మ కూడా తోటకూరనే అనీది."

వరప్రసాదు గారు కలం ఆపి, గది తలుపు దగ్గరగా వేయించారు. "అలా అనకండి. సంప్రదాయమని తేలితే అది ఎవరిదీ కాకుండా పోతుంది. మీ అమ్మగారి ప్రసక్తి ఈ గదిలో మళ్ళీ తేకండి. సాహిత్యం, స్వయం. స్వరం, స్వయం. తాళం?"

"తాళమేటి లేదు. ఒకోసారి తట్ట మీద ఇలగ కొడతాను."

"వాద్యం, స్వయం" అని రాసుకున్నారు.

సన్యాసమ్మకి సంతకం చేయడం వచ్చు. వయోజన విద్యలో నేర్చుకుంది. నేర్చుకున్నాక చేసే అవకాశమే పెద్దగా రాలేదు. ఇప్పుడు ఏకంగా పద్నాలుగు చోట్ల చెయ్యమన్నారు. ఒక్కో అక్షరాన్నీ ముగ్గు పెట్టినంత శ్రద్ధగా దిద్దుతూ పద్నాలుగు చోట్లా సంతోషంగా చేసింది. వాటి పైన ఏం రాసుందో ఆవిడ అడగలేదు. అడిగితే ఎక్కడ పెన్ను లాగేసుకుంటారోనని భయపడింది.

నెల తిరక్కుండా నిపుణుల సంఘం కూర్చుంది. పదకొండు సెకన్లని పదకొండు రోజులు విని, ఇది స్వతంత్ర సృష్టి అని తేల్చింది. చినకోట టౌన్‌హాల్లో సన్మానం చేశారు. శాలువా కప్పి, "ఈ మట్టిగొంతులోని మాధుర్యం జాతి సంపద" అని వరప్రసాదు గారు ముప్పావుగంట మాట్లాడి, కళాకారిణిని ఒక్కసారి తన కృతిని వినిపించమన్నారు. సన్యాసమ్మ శాలువా నడుముకి బిగించి వినిపించింది. చప్పట్ల మధ్య వెనక వరసలోంచి ఓ ఆడమనిషి లేచి, "కట్టెంత?" అని అడిగింది.

మర్నాటి నుంచి జీపు బయల్దేరింది. జీపులో ధ్వని పరిశీలకుడు కూర్మినాయుడు, అతని ఒళ్ళో యంత్రం. ఇచ్ఛాపురం దాకా వెళ్ళి వెతికి మరీ మైకు పెట్టెలు పట్టుకొచ్చారు. మూడు వందల నలభై పెట్టెలు ఆఫీసు వెనక గదిలో చేరాయి. వాటిలో కొన్నింటికి బ్యాటరీ తియ్యడం మరిచిపోయారేమో, గది తలుపు తీసినప్పుడల్లా సన్యాసమ్మ నలుగురై అరిచేది. రత్నాలవీధిలోనే ఒక ఇంట్లో రెండేళ్ళ పాప అమ్మా నాన్నా అనకుండా మొట్టమొదటి మాటగా "గోంగూలా" అన్నది. ఆ ఇంటికీ నోటీసు అంటించారు. సృష్టికర్త అనుమతి లేకుండా బహిరంగ ప్రదర్శన, ముద్దాయి మైనరు కాబట్టి సంరక్షకులే బాధ్యులు అని అందులో ఉంది.

సన్యాసమ్మకి ఇవన్నీ కొంచెం అతిగానే తోచాయి గానీ, కుళ్ళుకూర ఆగింది కదా అనుకుంది. ఆగినమాట నిజమే. పిలిచేవాడు లేక మంచికూర కూడా ఆగిపోయింది.

ఓ సోమవారం ఆవిడ మామూలుగా రత్నాలవీధి మొదట్లో నిలబడి గొంతెత్తింది. 'గో' సగంలో ఉండగానే జీపు వచ్చి అడ్డంగా ఆగింది.

"సన్యాసమ్మత్తా, లైసెన్సేది?" అని అడిగాడు కూర్మినాయుడు, ఎటో చూస్తూ.

"నా కేకకి నాకు లైసెన్సేట్రా?"

"నీ కేక కాదత్తా ఇప్పుడు. సంరక్షణ కోసం మండలికి అప్పగించేసినావు. పద్నాలుగో సంతకం అదే."

ఆవిడ ఆఫీసుకి పరుగెత్తింది. వరప్రసాదు గారు ఎంతో ఓపిగ్గా వివరించారు. కృతి సృష్టికర్త దగ్గరే ఉంటే దొంగతనానికి గురవుతుంది కాబట్టి మండలి భద్రపరిచింది. సృష్టికర్తకి కావలిస్తే తప్పక వాడుకోవచ్చు. మూడు రోజుల ముందు దరఖాస్తు చేసుకోవాలి. ఏ వీధి, ఎన్నిసార్లు, ఎంత దూరం నుంచి అన్నది తెలియజేయాలి. అన్నింటికంటే ముఖ్యం, మూలకృతికి అక్షరం మారకూడదు.

సన్యాసమ్మ దరఖాస్తు పెట్టింది. అనుమతి వచ్చిన రోజుకి ఏటిగట్టు మీద గోంగూర కోత అయిపోయింది. కొత్త మడి ఎదిగి రావడానికి మూడు వారాలు పడుతుంది. తట్టలో ఉన్నది తోటకూర, బచ్చలి, కొత్తిమీర. ఆవిడ "బచ్చలికూరోయ్" అన్నదో లేదో, కూర్మినాయుడు చెయ్యెత్తాడు.

"బచ్చలి మూలంలో లేదత్తా. వక్రీకరణ కిందకొస్తాది. గోంగూరే అనాల."

"గోంగూర లేదురా!"

"లేకపోయినా అనాల."

పక్కన యంత్రం పచ్చదీపం వెలిగించుకుని వింటోంది. సన్యాసమ్మ కళ్ళు మూసుకుని, తట్టలో లేని గోంగూరని పిలిచింది. లేనిదాన్ని పిలవడానికి ఆ గొంతుకి అలవాటు లేదు. 'గో' కాస్త దూరం పోయి తడబడి కూలబడింది. అయినా ఆ పిలుపుకి ముగ్గురు ఆడవాళ్ళు గోంగూర కోసం బయటికొచ్చి, లేదంటే విసుక్కుని వెళ్ళిపోయారు. యంత్రం కూతపెట్టి నూటికి యాభై ఎనిమిది అని చూపించింది.

నోటీసు సాయంత్రానికి వచ్చింది. తవుడు చదివి వినిపించాడు. "చినకోట రత్నాలవీధి యందు ఉదయం ఏడు గంటల ముప్పది నాలుగు నిమిషములకు కోరాడ సన్యాసమ్మ అను స్త్రీ, మండలి వారి సంరక్షణలోనున్న ప్రఖ్యాత కళాకారిణి శ్రీమతి కోరాడ సన్యాసమ్మ గారి కేకను అనుకరించుటకు విఫలయత్నము చేసినందున..."

మర్నాడు ఆవిడకి కుర్చీ వెయ్యలేదు.

"అసలు సన్యాసమ్మ గారి కేకలో ఒక నిండుదనం ఉంది. అది మీలో లేదు. ఆమె పేరు చెప్పుకుని మీరు ఆమె కడుపు కొడుతున్నారు" అన్నారు వరప్రసాదు గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"ఆమె కడుపిదే బాబూ" అని సన్యాసమ్మ తన పొట్ట చూపించింది.

"అందరూ అలాగే అంటారు. జరిమానా కట్టండి. అది నేరుగా కళాకారిణికే చెందుతుంది."

"అలగైతే కట్టేస్తాను. కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో ఒట్టుకుంటాను."

"కుదరదు. కళాకారిణి మీద అనుకరణ కేసు నడుస్తున్నంతకాలం ఆమెకి చెల్లింపులు ఆపివేయాలి."

"ఇందాక ఆమె వేరు, నాను వేరన్నారు గదా బాబూ?"

"జరిమానాకి వేరు. చెల్లింపుకి ఒకటే" అని ఆయన ఫైలు మూసేశారు.

వస్తూ వస్తూ ఆవిడ మెట్ల మీద ఓ కొత్త బోర్డు చూసింది. సన్యాసమ్మ కేకకి జిల్లా అంతటా ఏకైక అధికార లైసెన్సుదారు, నవనవ సూపర్ బజారు. పక్కన ఆకుపచ్చ వ్యాను బొమ్మ. లైసెన్సు రుసుము కట్టగలిగినవాళ్ళు జిల్లాలో వాళ్ళొక్కరే తేలారు.

ఆ తర్వాత మూడు వారాలు సన్యాసమ్మ నోరు మూసుకుని వీధులు తిరిగింది. ఆవిడ వచ్చిన సంగతే ఎవరికీ తెలిసేది కాదు. తలుపు తట్టి అడుగుదామంటే ముప్పయ్యేళ్ళుగా తట్టని తలుపులు. తట్టడానికి చెయ్యి రాలేదు. పదింటికి తోటకూర తల వేలాడేసేది. పదకొండుకి తట్టంతా తీసుకెళ్ళి గేదె ముందు కుమ్మరించేది. ఓ రోజు గేదె పక్కనే కూర్చుని ఏడ్చింది కూడా. నష్టానికి కాదు. నోరున్న మనిషి నోరు లేనట్టు నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది.

ఏడున్నరకి మాత్రం రత్నాలవీధిలో కేక వినిపిస్తూనే ఉంది. వ్యానులోంచి. దాంట్లో కూర ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మంచుగడ్డలా చల్లగా, పైకి నిగనిగలాడుతూ ఉండేది. ఇంటికి తీసుకెళ్ళి విప్పితే లోపల నల్లగా జిగురు. కేకని నమ్మి విప్పి చూడకుండా కొన్నవాళ్ళంతా తిట్టుకున్నారు. తిట్టింది వ్యానుని కాదు, సన్యాసమ్మని.

ఆ వీధిలో మొదటిల్లు రత్నమాణిక్యం గారిది. బాలికల బడిలో పెద్ద పంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషి. ఓ పొద్దున ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండగా సన్యాసమ్మ చప్పుడు లేకుండా తట్టతో వెళ్తూ కనబడింది.

"ఆగు!" అన్నారు రత్నమాణిక్యం గారు. ఆ గొంతుకి ఎనిమిది వందలమంది పిల్లలు ఆగేవారు. "ముప్పయ్యేళ్ళు నమ్మామే నిన్ను. నీ కేక విని పరిగెత్తుకొస్తే ఆ కుళ్ళు కూరా పెట్టేది? సిగ్గు లేదూ?"

సన్యాసమ్మ తట్ట కిందకి దించి, తడిగోనె తీసి చూపించింది. నీళ్ళు కారుతున్న లేత తోటకూర. తర్వాత ఫారం సంగతి, పద్నాలుగు సంతకాల సంగతి, యాభై ఎనిమిది మార్కుల సంగతి, జీపు వినేస్తుందేమోనన్నట్టు గుసగుసగా చెప్పుకొచ్చింది. చెప్తూ చెప్తూ, "డబ్బు పోతే పోనీయండమ్మగారూ. నా పేరెట్టుకుని ఆలు కుళ్ళుకూర పెడితే నాను సచ్చిపోనాననే మేలు గదా" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

రత్నమాణిక్యం గారు ఓ కట్ట విప్పి చూశారు. "అయితే అరిచేది నువ్వు కాదు. అరవకుండా పోయేదే నువ్వన్నమాట" అన్నారు. ఇంకాస్త ఆలోచించి, "గోంగూర ఎప్పుడొస్తుంది?" అని అడిగారు.

"రేపు కోత."

"తీసుకురా. నోరు మాత్రం తెరవకు. మేము చూసుకుంటాం."

మర్నాడు ఏడున్నరకి వ్యాను అరుచుకుంటూ వచ్చి అరుచుకుంటూ పోయింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. రెండు నిమిషాల తర్వాత సన్యాసమ్మ నిండు తట్టతో మలుపు తిరిగింది. రత్నమాణిక్యం గారు గుమ్మంలోకి వచ్చి, ప్రార్థనకి పిల్లల్ని వరసల్లో నిలబెట్టే గొంతుతో, "గోంగూర! గోంగూర! త్వరగా రావాలి!" అని అరిచారు.

ఎదురింటావిడ అందుకుంది. ఆ పక్కింటావిడ కొంచెం సిగ్గుపడి, కొంచెం నవ్వుకుని, 'గో' మీద ఎక్కబోయి దగ్గు తెచ్చుకుంది. రెండేళ్ళ పాప వాళ్ళమ్మ చంకలోంచి "గోంగూలా" అంది, నోటీసుని లెక్కచెయ్యకుండా. నలభై గుమ్మాల్లోంచి నలభై రకాల గోంగూరలు.

జీపు వచ్చింది. వెనకే ప్రత్యేకాధికారి కూడా వచ్చారు.

"ఆపండి! ఇది సామూహిక ఉల్లంఘన!"

"ఏ నిబంధన ప్రకారం?" అడిగారు రత్నమాణిక్యం గారు. "చదవండి. గట్టిగా చదవండి."

ఆయన పుస్తకం తీసి చదివారు. "విక్రయ నిమిత్తము వీధులయందు చేయబడు పిలుపు..."

"మేము అమ్మడం లేదు. కొనడానికి పిలుస్తున్నాం. కొనేవాళ్ళు అరవకూడదని ఎక్కడుంది?"

వరప్రసాదు గారు అటు నాలుగు పేజీలు, ఇటు నాలుగు పేజీలు తిప్పారు. "ఈ అంశంపై పైఅధికారుల నుంచి స్పష్టత కోరవలసి ఉంది. ఈలోగా అనుకరణ మాత్రం శిక్షార్హమే. కూర్మినాయుడూ, కొలిచి చూడు!"

కూర్మినాయుడు యంత్రాన్ని గుమ్మం గుమ్మానికీ తిప్పాడు. ఎదురింటావిడకి నూటికి పదకొండు. దగ్గినావిడకి ఆరు. రత్నమాణిక్యం గారికి మూడు. ఆవిడ జీవితంలో అంత తక్కువ మార్కులు ఎన్నడూ తెచ్చుకోలేదు, అయినా ఎంతో హుందాగా స్వీకరించారు.

"ఇందులో దేనికీ సన్యాసమ్మగారి కేకతో పోలికే లేదండి. కేసు నిలబడదు" అన్నాడు కూర్మినాయుడు, సంతోషాన్ని ఎంత దాచుకున్నా దాగలేదు.

అంతటితో అయిపోవలసింది. సన్యాసమ్మ నోరు మూసుకుని కట్టలమ్ముకుని పోతే ఆ వీధికీ ఆవిడకీ ఇక ఏ బాధా లేదు. కానీ ఆవిడ మొదట్నుంచీ వీధి నడుమ నిలబడి ఆ నలభై గోంగూరలనీ వింటోంది. ఒకరు 'గో'ని పుట్టకముందే చంపేస్తున్నారు. ఇంకొకరు 'రా'ని పట్టుకుని వేలాడుతున్నారు. తన కోసం పాపం అంతమంది గొంతులు చించుకుంటూంటే కళ్ళు చెమర్చిన మాట నిజమే. కానీ చెవులు భరించలేకపోయాయి. నెత్తిమీద నిండుగా నిజం గోంగూర ఉంది. మూడు వారాలు మింగిన గొంతు అది.

"అలక్కాదమ్మా! లాగాల. ఇలగ!" అని ఆవిడ తలెత్తి వదిలింది.

"గోఓఓఓఓఓఓ..."

అది వీధి చివరికి పోయి, అక్కడ నిలబడి, ఊరంతా తనకేసి తిరిగేదాకా కదల్లేదు. తర్వాత దభీమని కింద పడింది. యంత్రం కీచుమని కూతపెట్టి పచ్చదీపం, ఎర్రదీపం రెండూ కలిపి వెలిగించింది. నూటికి నూరు.

"ఆహా!" అన్నారు వరప్రసాదు గారు అప్రయత్నంగా. ఆయనకి కళలంటే ప్రాణమని ముందే చెప్పుకున్నాం. మరుక్షణం తేరుకున్నారు. "నూటికి నూరు మనిషి గొంతుకి రాదు. ఇది మూలం తాలూకు రికార్డింగే. తట్టలో పెట్టె దాచింది. సోదా చెయ్యండి!"

తట్ట దించారు. తడిగోనె తీశారు. కూర్మినాయుడు ఒక్కొక్క కట్టే పైకి తీసి విదిలించి చూసి పక్కన పెట్టబోయాడు. పెట్టడానికి చోటేదీ? చుట్టూ ఆడవాళ్ళ చేతులు. ఏ కట్ట తీస్తే ఆ కట్టని ఎవరో ఒకరు అందుకుని, డబ్బులు సన్యాసమ్మ పమిటలో వేస్తున్నారు. తోటకూర అయింది. చుక్కకూర అయింది. గోంగూర పదే పది నిమిషాల్లో అయిపోయింది. తట్ట అడుగున నాలుగు నీటిబొట్లు మిగిలాయి.

వరప్రసాదు గారు తట్టలోకి వంగి చూశారు. బోర్లించి కొట్టి చూశారు. "పెట్టె ఏదమ్మా?" అని అడిగారు.

సన్యాసమ్మ మెడ చాచి, వేలితో గొంతు మీద పొడుచుకుని చూపించింది. "ఇదిగో బాబూ, ఇందులో ఉన్నాది. సీజు సేసుకోండి."

కూర్మినాయుడు విధి ప్రకారం జీపులోంచి లక్క, ముద్ర తెచ్చి, అగ్గిపుల్ల గీసి నిలబడ్డాడు.

"సార్, సీలెక్కడెయ్యమంటారు?"

ప్రత్యేకాధికారి నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెట్టారు. ఆయన మూడో అధ్యాయం దాకా వచ్చేసరికి అగ్గిపుల్ల కూర్మినాయుడి వేలిదాకా వచ్చింది. ఈలోగా సన్యాసమ్మ పమిట ముడి వేసుకుని, ఖాళీ తట్ట నెత్తిన బోర్లించుకుని బయల్దేరింది. అమ్మడానికి ఆకు కూడా మిగల్లేదు. అయినా మలుపు తిరిగాక, కూర్మినాయుడు చెప్పిందే గదా లేకపోయినా అనాలని, వీధి పొడుగునా "గోఓఓఓ...ంగూరా!" అని లాక్కుంటూ ఇంటికి పోయింది.